చేతులతో నార్పిన చిచ్చు
(కుమావూను కొండల పల్లెల చరిత్ర)

కాళిదాస మహాకవి మేఘసందేశమునందు యక్షుడు మేఘునకు త్రోవ చెప్పుచు, హిమవంతమును సమీపించు ఘట్టమున ఒక పని యొప్పగించును. సరళ వృక్షముల బోదెలు గాలికి ఒండొంటితో నొరసికొనుటచే దావాగ్ని పుట్టి, చమరీ మృగముల వాలములను కమర్చుచు ఆ కొండను బాధించుచున్నయెడల, నీ జలధారలచే దానిని చల్లార్పుమని వేడుకొనును. ఈ సరళ వృక్షమే నేడు కుమావూను, గఢ్వాలు కొండలలో చీడ్ అని పిలువబడుచున్నది. ఆ కొండలలో నెక్కువగా కాలునది యీ చెట్ల అడవియే. కవికి ఆ దేశము ఎంత చక్కగా తెలియునో దీనివలన గ్రహింపవచ్చును.

మన భారతమునందును దావాగ్ని కథలు కలవు. ఖాండవ దహనము ఆదిపర్వమున ప్రసిద్ధము. ఆశ్రమవాస పర్వమున ధృతరాష్ట్రుడును, గాంధారియు, కుంతియు గంగాద్వారము చెంత కార్చిచ్చున బడి దేహములు చాలించిరి. ఆ గంగాద్వారమే నేటి హరిద్వారము. గఢ్వాలు కొండల పాదము. భాగవతమున గోపబాలురను చుట్టుముట్టిన దావానలమును బాలకృష్ణుడు త్రాగివేసెను. ఈ కథలలో అగ్నిని వెలిగించినవారు కలరు. అందు మడిసినవారు కలరు. ఆర్పినవాడు మాత్రము మేఘుడో, దేవుడో. గ్రామస్థులు పచ్చి కొమ్మలు చేతబట్టి, కొండయెక్కి, మంటను మోది చల్లార్చిన కథ కావ్యములయందు సాధారణముగా కానరాదు. దానిని చరిత్రలో వెదకవలెను. చైత్ర వైశాఖములలో కొండ కాలుచుండగా మేఘుడు జ్యేష్ఠమాసపు కడపట గాని రాడు. ఈ నడిమి దినములలో అడవిని కాచిన చేతులు ఎవరివి? అవి ఏ కాలమున కాచినవి, ఏ కాలమున ముడుచుకొని కూర్చున్నవి? కుమావూను చరిత్రలో ఈ ప్రశ్నకు విలువైన సమాధానము కలదు.

అడవి, ఆకు, అగ్ని

కుమావూను కొండలలో రెండు విధములైన అడవులు ముఖ్యము. చల్లని ఎత్తులయందు బాంజ్ అను ఓకు చెట్లు పెరుగును. వీని ఆకు వెడల్పైనది, రాలి క్రుళ్లి నేలకు ఎరువగును, నేలలో తేమ నిలుచును, పశువులకు మేతయగును. వీనికి క్రిందుగా, ఎండ తగులు వాలులయందు చీడ్ చెట్లు పెరుగును. వీని ఆకు సూదివలె సన్నము, పొడవు. మార్చి మొదలు జూను వరకు ఇవి రాలి నేలపై మెత్తవలె పరచుకొనును. దీనిని అక్కడివారు పిరూల్ అందురు. ఇందు బంక యుండుటచేత ఎండినంతనే గడ్డివలె అంటుకొనును. పశువులు దానిని తినవు. అది త్వరగా క్రుళ్లదు. పైగా ఏటవాలుపై పరచుకొన్న పిరూల్ మీద కాలు నిలువదు.

అగ్ని కొండయెక్కునప్పుడు దాని వేగము పెరుగును. మంట పైకి వంగి, ముందున్న ఆకును తాకకమునుపే ఎండగట్టును. వాలు పది డిగ్రీలు పెరిగిన కొలది మంట వేగము సుమారు రెట్టింపగునని అగ్నిశాస్త్రము తెలిసినవారి లెక్క. కొండ దిగునప్పుడు మంట నెమ్మదిగా ప్రాకును; కాని చీడ్ అడవిలో వేరొక కీడు కలదు. అంటుకొన్న చీడ్ కాయలు వాలుమీద దొర్లి, క్రింద చల్లగానున్న చోట కొత్త మంటను పుట్టించును. పైన ఆర్పుచున్నవారు వెనుదిరిగి చూచునప్పటికి తమ కాళ్ల క్రింద కొండ అంటుకొనియుండును. ఈ విధముగా చిక్కుకొని ప్రాణములు కోల్పోవుట ఈ పనిలో నెల్లవేళల నున్న భయము.

కవి చెప్పినట్లు కొమ్మలు ఒరసికొనుటవలన గాని, పిడుగువలన గాని పుట్టు మంటలు అచ్చట బహు కొద్ది. ఎక్కువభాగము మనుష్యుల చేతివలన పుట్టినవే. పొలముగట్ల మీది కంపను, కలుపును కాల్చునప్పుడు గాలికి ఎగసిన నిప్పు. బాటసారి పారవేసిన బీడి. కొత్త పచ్చికకై పశుల కాపరి పెట్టిన మంట. ఒక్కొక్కప్పుడు పగతో ముట్టించిన చిచ్చు. చేతులే ముట్టించినవి, చేతులే ఆర్పవలసియున్నవి. చరిత్ర యంతయు ఈ రెండు చేతుల నడుమనే నడచినది.

ఎల్లలు వ్రాసిన కాలము

1815లో కుమావూను గూర్ఖాల చేతినుండి ఆంగ్లేయుల వశమయ్యెను. 1823లో, అనగా విక్రమ శకము 1880లో, కమిషనరు ట్రెయిలు దొర గ్రామముల ఎల్లలు వ్రాయించెను. గొలుసు పట్టి కొలిచిన ఎల్లలు కావవి; ఫలాని వాగు, ఫలాని గట్టు, ఫలాని శిఖరము అని పేరులతో చెప్పినవి. ఎనుబదవ సంవత్సరపు ఎల్లలని అక్కడివారు వానిని వ్యవహరింతురు. ఆ ఎల్లలోపలి అడవి తమ ఊరిదని పల్లెవారి నమ్మకము. పచ్చికకై ఎప్పుడు కాల్చవలెను, ఏ వైపు కాల్చవలెను, ఏ తోపు జోలికి పోరాదు అనునవి ఊరి పెద్దలు నిర్ణయించుచుండిరి. శీతకాలాంతమున, గాలి లేని దినమున, గడ్డి వాలును కాల్చి, నాలుగు మూలల మనుష్యులు నిలిచి కాచుచుండిరి. కాల్చుటయు ఆర్పుటయు వారికి రెండు విద్యలు కావు, ఒకే విద్య.

1864లో హిందూదేశమునకు అటవీశాఖ ఏర్పడెను. జర్మను దేశీయుడైన డీట్రిచ్ బ్రాండిసు దాని మొదటి ఇన్స్పెక్టరు జనరలు. ఆ దశాబ్దముననే మధ్యపరగణాలలోని బోరీ అడవియందు పియర్సను అను అధికారి అగ్నిరక్షణ పద్ధతి నారంభించెను. అడవి చుట్టును నడుమను గడ్డి తీసిన వెడల్పైన బాటలు వేయించి, కావలివాండ్రను పెట్టి, మంటను పూర్తిగా బహిష్కరించుట ఆ పద్ధతి. 1865లో మొదటి అటవీ చట్టమును, 1878లో రెండవదియు వచ్చినవి. రెండవ చట్టము అడవులను రిజర్వు, రక్షిత, గ్రామ అడవులని మూడు తరగతులుగా విభజించినది. 1893 అక్టోబరులో కుమావూనునందు కొలతకు రాని భూమి యంతయు రక్షిత అరణ్యముగా ప్రకటింపబడెను. పిదప 1911 మొదలు 1917 వరకు జరిగిన బందోబస్తులో విశాలమైన అడవులు రిజర్వులోనికి పోయినవి. చీడ్ మ్రానులు రైలు దిమ్మెలకును, వాని బంక టర్పెంటైనుకును పనికివచ్చుటచే వీనికి విలువ పెరిగెను.

అప్పటినుండి గడ్డి కోయుట, కొమ్మ నరుకుట, పశువులను తోలుట అన్నిటికిని హద్దులు వచ్చెను. కాల్చుట నేరమయ్యెను. దానితోపాటు చట్టమున వేరొక నియమము కలదు. అడవిలో ఏదేని హక్కు అనుభవించు ప్రతివాడును, అధికారి పిలిచినను పిలువకున్నను, మంట సంగతి తెలిసినంతనే పోయి ఆర్పవలెను. పోనియెడల శిక్షకు పాత్రుడు. 1878 చట్టములోని ఈ నియమమే 1927 చట్టములో 79వ సెక్షనుగా నిలిచినది. అనగా అడవి సర్కారుది, మంట మాత్రము ఊరిది. పల్లెవారి మనస్సులో మెదలినది ఈ మాటయే.

వెట్టి కాగితములు సరయూ నదిలో

ఆ కాలమున కుమావూనులో కూలీ ఉతార్, బేగార్ అను వాడుకలు కలవు. తెలుగువారికి సుపరిచితమైన వెట్టిచాకిరికి అవి తోబుట్టువులు. అధికారులు కొండలలో పర్యటించునప్పుడు వారి సామానులు మోయుటకు గ్రామస్థులు వంతులవారీగా పోవలెను. ఎవని వంతు ఎప్పుడో ఊరి పధాను ఒక పట్టీలో వ్రాసియుంచవలెను. అడవిలో మంట పుట్టినపుడు పరుగెత్తుటయు పల్లెవానికి ఈ పట్టీలోని మరియొక వంతువలెనే తోచెను.

1921 జనవరిలో ఉత్తరాయణపు జాతర నాడు బాగేశ్వరమున, గోమతీ సరయూ నదుల సంగమము చెంత, వేలాది జనులు కూడిరి. బదరీదత్త పాండే మొదలగు నాయకులు ఇకమీదట కూలీ ఉతార్ చేయబోమని జనులచే ప్రమాణము చేయించిరి. ఊళ్ల పధానులు తాము తెచ్చిన కూలీ పట్టీలను సరయూ నదిలో విసరివేసిరి. ఎన్నో యేండ్లుగా మనుష్యుల వీపులను బంధించిన ఆ కాగితములు నీటిలో కొట్టుకొనిపోయినవి. ఒక్క తుపాకి ప్రేలకుండ, ఒక తరము మోసిన బరువు ఆనాడు దిగినది.

ఆ వేసవిలోనే కుమావూను అడవులు అంటుకొన్నవి. వర్షము తక్కువైన యేడు అది. కాని ఎండ ఒక్కటియే కారణము కాదు. చాల చోట్ల మంటలు బుద్ధిపూర్వకముగా పెట్టబడినవని నాటి రికార్డులు చెప్పుచున్నవి. ఇందు గమనింపదగిన విశేష మొకటి కలదు. చరిత్రకారుడు రామచంద్ర గుహ చూపినట్లు, కాలినవి ముఖ్యముగా సర్కారు వ్యాపారమునకు పనికివచ్చు చీడ్ అడవులు; పల్లెకు మేతయు ఎరువు నిచ్చు వెడల్పాకు అడవుల జోలికి జనులు అంతగా పోలేదు. ఏది తమది, ఏది తమది కాదు అను లెక్క ఆ మంటలలో స్పష్టముగా కనిపించును. చట్టము నిర్బంధించినను, ఆర్పుటకు రమ్మని పిలిచిన పిలుపునకు పలికినవారు స్వల్పము. అధికారులకు దండన తెలియును, జరిమానా తెలియును. కాని కొండ మీద అర్ధరాత్రి కొమ్మ పట్టుకొని నిలుచు మనిషిని దండనతో నిలుపుట సాధ్యముకాదని ఆ వేసవి తెలిపినది.

అయిదువేల సాక్షులు

ఆ యేడే ప్రభుత్వము కమిషనరు విండ్‌హాము అధ్యక్షతన కుమావూను అటవీ కష్టనివారణ సంఘమును నియమించెను. ఆ సంఘము ఊరూర తిరిగి 5,040 మంది సాక్షులను విచారించెను. పల్లెవారు చెప్పుకొన్న మాటలు సామాన్యములు: గడ్డికి అడ్డు, కట్టెకు అడ్డు, మేకకు అడ్డు, అడుగడుగున గార్డుకు దండము. సంఘము సిఫారసుననుసరించి అడవులు రెండు తరగతులయినవి. వ్యాపారమునకు అంతగా పనికిరాని మొదటి తరగతి అడవులు రెవెన్యూ అధికారుల చేతికి వచ్చినవి. ఆంక్షలు చాలవరకు తొలగెను. చీడ్ మొదలగు విలువైన అడవులు రెండవ తరగతిగా అటవీశాఖ క్రిందనే నిలిచినవి.

అయితే ఆంక్షలు తొలగినంత మాత్రమున అడవి బాగుపడలేదు. ఎవరికిని చెందని అడవిని ఎవరును కాపాడరు, అందరును నరుకుదురు. కనుక 1931లో వన పంచాయతీల నియమములు వెలువడినవి. ఊరివారు తమ ఎల్లలోని అడవిని తామే ఏలుకొనవచ్చును. పంచులను తామే యెన్నుకొందురు. గడ్డి ఏ తేదీన కోయవలెను, ఏ వాలును ఈ యేడు విడిచిపెట్టవలెను, తప్పుచేసినవానికి ఎంత జరిమానా, కావలివానికి ఎంత జీతము అనునవి వారే వ్రాసికొందురు. నేడు ఉత్తరాఖండమున ఇట్టివి 11 వేలకు పైగా కలవు. అన్నియు సమముగా పనిచేయుచున్నవని చెప్పరాదు. కొన్ని కాగితములకే పరిమితమయినవి. 1976లోను పిదపను నియమములు మార్చుటచే అధికారుల చేయి పెరిగినదని పల్లెవారి ఫిర్యాదు. అయినను పంచాయతీ జీవించియున్న చోట ఒక సంగతి స్పష్టము: పొగ కనబడగానే ఎవరును పిలువకయే జనులు కదలుదురు. 1921లో ముడుచుకొన్న చేతులు అడవి తమదైన చోట తెరచుకొన్నవి.

చేతిపని ఎట్టిది?

కొండ అడవిలో నీరు దుర్లభము. ఇల్లు కాలినపుడు వలె బిందెలతో పోసి ఆర్పుట పొసగదు. అగ్నికి మూడు ఆధారములు: ఎండు ఆకు, వేడి, గాలి. వీనిలో చేతికి అందునది ఆకు. దానిని మంటకు దక్కనీయకుండుటయే ఈ పనియొక్క సారము.

చిన్న మంటయైనచో పచ్చి కొమ్మల కట్టలతో మోది ఆర్పుదురు. ఇందును ఒక నేర్పు కలదు. కొమ్మను పైకెత్తి బలముగా కొట్టినచో నిప్పురవ్వలు ఎగసి అవతల పడును. కనుక మంటను కాలిన నేలవైపునకు నెట్టునట్లు, ఊడ్చునట్లు, ఒత్తియుంచునట్లు కొట్టవలెను. ఇద్దరు ముగ్గురు వరుసగా నిలిచి ఒకరి వెనుక ఒకరు అదే చోటును మోదుదురు. ముందువాడు మంటను తగ్గించును, వెనుకవాడు చంపును, మూడవవాడు నిప్పుకణికలను చూచుకొనును. చెంతనే వదులు మన్ను దొరకినచో పారతో చల్లుదురు.

మంట మనిషి నిలువలేనంత పెద్దదైనచో ఎదుట నిలువరాదు. తలను విడిచి, కాలిన వైపునుండి మొదలిడి, రెండు ప్రక్కలను నొక్కుచు పోవలెను. లేదా దూరమున గీత తీయవలెను. దంతెలతో పిరూల్ లాగి, కొడవళ్లతో గడ్డి కోసి, పారలతో చెక్కి, మన్ను కనబడువరకు రెండు మూడు అడుగులు మొదలు అవసరమును బట్టి ఇంకను వెడల్పైన బాటను సిద్ధపరతురు. ఆ బాట ఏ కాలిదారిలోనో, వాగులోనో, రాతిగుట్టలోనో మొదలై, అట్టి చోటనే ముగియవలెను. లేనిచో మంట కొసను చుట్టివచ్చి వెనుక నిలుచును. వాలుకు అడ్డముగా తీసిన గీత అంచున మట్టితో చిన్న కట్టవేసి కందకమువలె చేయుదురు. దొర్లివచ్చు నిప్పుకాయలు అందు చిక్కును. మేలైన గీత శిఖరపు వెన్నుమీద గాని, దానికి కొంచెము ఆవల గాని తీసినది. కొండయెక్కి వచ్చిన మంట అచ్చట బలము కోల్పోవును.

గీత సిద్ధమైన పిదప ఎదురుమంట పెట్టుదురు. గీత అంచునుండి పెట్టిన చిన్న మంట పెద్ద మంటకు ఎదురేగి, నడుమనున్న ఆకును ముందుగనే తినివేయును. రెండును కలిసికొన్న చోట తినుటకు మిగిలినది ఏదియు లేక చల్లారును. ఇది అన్నిటికంటె ఘనమైన ఉపాయము, అన్నిటికంటె అపాయకరమైనదియు. గాలి తిరిగినచో పెట్టినవారినే చుట్టుకొనును. కనుక గాలి తెలిసిన పెద్దవాడొకడు చెప్పక ఎవరును అగ్గిపుల్ల గీయరాదనుట కట్టుబాటు.

కాలము చూచుకొనుట మరియొక నేర్పు. మధ్యాహ్నము మొదలు సాయంకాలము వరకు మంటకు యౌవనము. గాలి లోయనుండి పైకి వీచును. సూర్యుడు క్రుంకిన పిదప గాలి కొండమీదినుండి క్రిందికి దిగును, తేమ పెరుగును, మంట అణగును. అందుచే పెక్కు పనులు మునిమాపు మొదలు తెల్లవారులోపున జరుగును. రాత్రి చీకటిలో నిప్పు ఎచ్చట దాగినదో కంటికి స్పష్టముగా కనబడును. కాని కాలు జారిన లోయ కనబడదు.

మంట ఆరినను పని ముగియదు. కాలిన మొద్దులలో, వేళ్లలో, రాళ్ల సందులలో నిప్పు దినములకొలది బ్రదికియుండును. గీత వెంబడి తిరిగి, చేయి వెనుక భాగముతో వేడిని పరీక్షించి, మొద్దులను దొర్లించి, మన్ను కప్పుదురు. ఇది పేరులేని పని, విసుగు పుట్టించు పని. ఇది మానివేసినచో మరునాటి మధ్యాహ్నపు గాలికి కొండ మరల అంటుకొనును; రాత్రి చేసిన కష్టమంతయు బూడిదయగును.

ఈ పనిలో స్త్రీల పాలు మిక్కుటము. కొండలలోని పురుషులు జీవనోపాధికై మైదానములకు పోవుచున్నారు. గడ్డికిని, కట్టెకును, నీటికిని అడవికి పోవునది స్త్రీయే. ఏ కాలిదారి ఎచ్చటికి పోవునో, ఏ ఊట ఎండినదో ఆమెకు తెలియును. 1974 మార్చి 26న రేణీ గ్రామమున గౌరాదేవి ముందు నిలువగా స్త్రీలు చెట్లను నరుకనీయక కాపాడిన వృత్తాంతము లోకప్రసిద్ధము. ఆ ధైర్యమే పేరు ప్రతిష్ఠలు లేకుండ ప్రతి వేసవియందును పొగలో నిలుచుచున్నది.

విదురుని మాటయు, గనిలోని గుహయు

లాక్షాగృహమునకు పోవు ధర్మరాజునకు విదురుడు మ్లేచ్ఛభాషలో చెప్పిన హితవులో ఒక మాట కలదు: అడవిని దహించునది బొరియలో నున్నవానిని దహింపదు. 1910 ఆగస్టు 20న అమెరికా దేశమందలి ఐడహో కొండలలో ఈ మాట అక్షరాల రుజువయ్యెను. ఎడ్వర్డు పులాస్కీ అను అటవీ ఉద్యోగి సుమారు 45 మంది పనివాండ్రతో మంటల నడుమ చిక్కుకొని, పాడుపడిన గని సొరంగములోనికి వారిని తోలి, ద్వారమున తడి గుడ్డలు కట్టి నిలిచెను. ఐదుగురు లోపల మరణించిరి, మిగిలినవారు బ్రదికిరి. ఒక ప్రక్క గొడ్డలి, ఒక ప్రక్క త్రవ్వుగోల గల పనిముట్టు నేటికిని అతని పేర పులాస్కీయని పిలువబడుచున్నది. లోకమందలి అగ్నిసేవకులు పెక్కురు గీత తీయుటకు దానినే వాడుచున్నారు.

పారిపోవు దారి ముందుగా చూచుకొనక మంటను సమీపింపరాదు. ఇది ఈ విద్యకు మొదటి సూత్రము. గని లేనిచోట కాలిన నేలయే గుహ. ఒకసారి కాలిన చోట మంటకు మరల ఆహారము లేదు. ప్రతివాడును కాలిన నేలకు దారి కంటబెట్టుకొనియే పనిచేయవలెను. పైనుండి గాలిని కనిపెట్టు కావలివా డొకడు ఉండవలెను. ఇన్ని తెలిసినను ప్రమాదము తప్పదు. 2024 జూను 13న అల్మోడా జిల్లాలోని బిన్సార్ అభయారణ్యమున మంటను ఆర్పబోయిన అటవీ సిబ్బందిలో నలుగురు అక్కడికక్కడే మరణించిరి. మరి నలుగురు గాయపడిరి. జీతము తీసికొను సిబ్బందికే ఈ గతి పట్టినపుడు, చెప్పులతో, నూలుబట్టలతో పోవు పల్లెవారి మాట చెప్పనేల?

ఆకాశమునుండి నీరు

2016 ఏప్రిలు, మే నెలలలో ఉత్తరాఖండమున నాలుగువేల హెక్టార్లకు పైగా అడవి కాలెను. అప్పుడు వాయుసేన ఎం.ఐ. 17 హెలికాప్టర్లు భీంతాలు సరస్సునుండి పెద్ద తొట్లతో నీరు ముంచి మంటలపై పోసినవి. 2024 ఏప్రిలులో నైనితాలు చెంత మరల అట్లే చేసినవి. యక్షుడు మేఘుని వేడుకొన్న పనిని యంత్రము చేసినది. అయినను పొగ దట్టమైనచో విమానము ఎగురదు. చెట్ల తలలపై పడిన నీరు మొద్దులోని నిప్పును చేరదు. కొండకొండకును మంట లేచినపుడు యంత్రములు ఎన్ని చోట్లకని పోగలవు? పైనుండి పడిన నీరు మంటను తగ్గించును. గీత తీసి, కణిక వెదకి, ముగించుపని చేతులదే.

మంట పుట్టిన పిదప ఆర్పుటకంటె పుట్టనీయకుండుట మేలు. అల్మోడా జిల్లాలోని శీత్లాఖేత్ ప్రాంతపు పల్లెలు ఇందుకు దారి చూపినవి. పొలముగట్ల కంపను కాల్చుటను అక్కడ ఓణ్ అందురు. చాల మంటలకు మూలము అదేయని గ్రహించి, ఏ ఊరివారైనను మార్చి 31 లోపల ఆ పని ముగింపవలెనని కట్టుబాటు చేసికొని, ఏప్రిలు 1ని ఓణ్ దినముగా పాటించుచున్నారు. ఎండ ముదిరిన పిదప ఎవరును గట్లమీద నిప్పు పెట్టరు. తమ ఊటలకును, తమ కోసీ నదికిని మూలము ఆ బాంజ్ అడవియేనని వారికి తెలియుటయే ఈ కట్టుబాటునకు బలము. ఇక పిరూల్‌ను నేలమీద ఉంచక తొలగించుటయు ఒక ఉపాయము. 2024లో రాష్ట్ర ప్రభుత్వము దానిని కిలో 50 రూపాయల చొప్పున కొనెదనని ప్రకటించెను.

తెలుగు కొండలు

మన నల్లమల, శేషాచల అడవులకును ఈ కథతో సంబంధము కలదు. ఇచ్చట చీడ్ లేదు. ఎండు గడ్డి, వెదురు, రాలిన ఆకులు కలవు. ఇప్పపూలు ఏరుటకు చెట్టుక్రింద ఆకు కాల్చుట, తునికాకు చిగుళ్లకై పొదలు కాల్చుట, పచ్చికకై గడ్డి కాల్చుట, సేద్యమునకై పోడు కాల్చుట మంటలకు సాధారణ కారణములు. 2014 మార్చిలో శేషాచలము అంటుకొని తిరుమల కొండను భయపెట్టినపుడు వాయుసేన హెలికాప్టర్లను రప్పింపవలసివచ్చెను. నల్లమలయందు వేసవికి ముందు ఫైర్ లైన్లు తీయుటకును, కావలికిని చెంచులు ముఖ్యమైన ఆధారము; పెంటలయందు పుట్టిపెరిగిన వారికి అడవిలోని ప్రతి జాడయు తెలియును. 1990వ దశకమున మన పల్లెలలో వన సంరక్షణ సమితులు వెలసినవి. వానిలో బలపడినవి కొన్ని, మొక్కుబడిగా మిగిలినవి కొన్ని. హక్కు నిజముగా ఇచ్చిరా, పనిని మాత్రము ఇచ్చిరా అనునది ఇచ్చట కూడ ఆలోచింపవలసిన ప్రశ్న.

వెట్టియా, సేవయా?

ఒకే మనిషి, ఒకే కొమ్మ, ఒకే మంట. పట్టీలో పేరు వ్రాసి తోలినచో అది వెట్టి. తన అడవియని తానై పోయినచో అది సేవ. కుమావూను వంద సంవత్సరముల చరిత్ర ఈ భేదమును తెలిపినది. కాని ఈ పాఠమును సగము చదివి విడువరాదు. జనులు తమంత తామే వచ్చుచున్నారు గదాయని, వారికి పాదరక్షలు ఇయ్యక, పనిముట్లు ఇయ్యక, గాయపడినపుడు వైద్యము చూడక, మరణించినపుడు ఇంటివారిని ఆదుకొనక ఊరకుండినచో, ఆ సేవను మరల వెట్టిగా మార్చినట్లే యగును. సరయూ నదిలో కలిసిన పట్టీలు మరియొక పేరుతో ఒడ్డునకు రాకూడదు.

మంటను నిషేధించుటయే ధర్మమనియు తలంపరాదు. పూర్వపు పల్లెలు చల్లని దినములలో కొద్దికొద్దిగా కాల్చి పెద్ద చిచ్చును తప్పించుకొన్నవి. దానిని మొదట నేరముగా చూచిన అటవీశాఖయే పిదప చీడ్ అడవులయందు శీతకాలమున అదుపుతో కాల్చుట అలవరచుకొన్నది. ఎప్పుడు కాల్చవలెనో తెలిసినవానికే ఎట్లు ఆర్పవలెనో తెలియును. ఆ తెలివి గ్రంథములలో కొంత, అనుభవజ్ఞుల చేతులలో కొంత కలదు. యువకులు పట్టణములకు పోయి, పొలములు బీడుపడి, బీళ్లలోని గడ్డి ఊరి ఇండ్లవరకు అడవి మంటకు వంతెన వేయుచున్న ఈ దినములలో, ఆ రెండవ గ్రంథము చదువువారు లేక చినుగుచున్నది.

మేఘుడు తన కాలమునకు వచ్చును. అతనిని తొందరపెట్టుట ఎవరి తరమును కాదు. అతడు వచ్చువరకు కొండను నిలుపుకొనవలసినవారు కొండక్రింది మనుష్యులే. వారికి ఎల్ల చూపి, హక్కు నిచ్చి, మర్యాద యిచ్చిన యెడల, అర్ధరాత్రి పొగలో కొమ్మ పట్టుటకు వారు వెనుదీయరని చరిత్ర సాక్ష్యమిచ్చుచున్నది.